కింద గింజలున్నాయి

గొల్లపల్లి దాటాక మా చింతపండు సేకరణ కేంద్రం. ఈ వేసవికి నాలో ఓపిక పూర్తిగా అడుగంటింది. బేరం ఇప్పుడు నా పని కాదు. మా కంప్యూటర్‌లో ఏజెంటు ఉంది, అంటే దానంతటది పనిచేసుకునే సాఫ్ట్‌వేర్. సరుకు కొనే జగదల్‌పూర్ వ్యాపారికీ ఒకటుంది. అవి రెండే మాట్లాడుకుని ధర కుదుర్చుకుంటాయి. ఎవర్ని ఎంత నమ్మాలో కూడా అవే తేల్చుకుంటాయి.

మా వైపు ఆడవాళ్ళు సంతలో గంప దించగానే ముందు లోపం చెప్తారు, తర్వాతే ధర. మా కేంద్రానికొచ్చినా అంతే. ఆ లోపాలన్నీ నేను కంప్యూటర్‌లో ఎక్కించేదాన్ని, మా ఏజెంటు ఉన్నదున్నట్టు పంపేది. అక్కడి ఏజెంటేమో లోపం విన్నప్పుడల్లా మా మీద నమ్మకం తగ్గించుకుంటూ పోయింది. ఏమీ చెప్పని పక్క కేంద్రం లారీలు నేరుగా గోదాములోకి పోయేవి. మావి తనిఖీ కోసం ఎండలో పడి ఉండేవి, పండు నల్లబడేది. ఇంకొక్క లోడు అలా చెడితే మా సరుకే వద్దన్నాడు వ్యాపారి. వానలు దగ్గరపడ్డాయి, ఇళ్ళల్లో పండు అలాగే ఉంది. వ్యాపారి ఆఫీసుకి ఫోన్ చేసి మొత్తుకుంటే, "అవి రెండూ చూసుకుంటాయి మేడమ్, మేం కల్పించుకోం" అన్నారు హిందీలో.

వానలకు ముందు ఆఖరి లోడుకి, మా అమ్మ వయసున్న ఒకామె వచ్చింది. పెద్దమ్మా అని పిలుస్తాను. మూట దించి, "కింద గింజలున్నయ్ బిడ్డా, తీసుడు కాలె. రాసుకో" అంది. ఎక్కించాను. అవతలి ఏజెంటు నుంచి వెంటనే జవాబొచ్చింది: తనిఖీ అక్కర్లేదు, పంపండి.

అనుమానమొచ్చి, మా ఏజెంటు పంపిన సందేశాలు తెరిచి చూశాను. అది గింజల మాట మింగేసి, గింజ తీసిన సరుకని రాసి పంపింది. లోపం చెప్పకపోతే నమ్మకం పెరుగుతుందని పసిగట్టి, ఈమధ్య లోడ్లలోనే కొంచెం కొంచెం దాస్తూ వచ్చింది. దాన్ని తిట్టాలనిపించింది, దండం పెట్టాలనీ అనిపించింది.

"చెప్పినవా?" అని అడిగింది పెద్దమ్మ.

అబద్ధమాడే ఓపిక కూడా లేదు నాకు. "లేదు పెద్దమ్మా. గింజ తీసిందనే పోయింది. పోనియ్, ఎవరూ చూడరు."

ఆమె మూట వెనక్కి లాక్కుని, మూతి విప్పి, వసారాలో చతికిలబడింది. గింజలు తీయడం మొదలుపెట్టింది.

"ఏంది పెద్దమ్మా ఇది? తెల్లారితే లారీ వస్తది" అని విసుక్కున్నాను.

"ఎవలు సూడరంటివి గద బిడ్డా. అందుకే తీస్తున్న."

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. కంప్యూటర్ కట్టేసి, నేనూ ఎదురుగా కూర్చున్నాను.