గుర్రుమనడం మాన్పించిన కుక్క

నా ఉద్యోగంలో చివరి బదిలీ దివిసీమకు జరిగింది. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళ చిల్లర ఉండగా, ఒక జూన్ నెలలో, అక్కడి ఏరియా పశువైద్యశాలలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాను. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో తప్పు నాది, ఊరిది కాదు. బందరులో మా ఇంటి నుంచి పొద్దున్నే బస్సెక్కి, చల్లపల్లిలో ఇంకో బస్సు మారి, తొమ్మిదికల్లా కుర్చీలో ఉండేదాన్ని. అసిస్టెంట్ డైరెక్టర్ అంటే పేరు పెద్దదే గాని, పని మాత్రం వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా కొత్తలో చేసిందే. ఉదయం ఓపీ, అంటే ఆస్పత్రికి తోలుకొచ్చిన పశువులను చూడటం. మధ్యాహ్నం ఊళ్ళ మీద తిరగడం. సాయంత్రం రిజిస్టర్లు. హోదా పెరిగినందుకు అదనంగా వచ్చినవల్లా కింది డాక్టర్ల నివేదికల మీద సంతకాలు.

మా ఆస్పత్రులు పాడిపశువుల కోసం పుట్టినవి. వరండా ముందు గేదెను కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం ఉంటుంది, దాన్ని ట్రెవిస్ అంటాం. మా రోజంతా దాని చుట్టూనే గడిచేది. కుక్క వస్తే మా సిబ్బంది ‘సూది కేసు’ అనేవాళ్ళు. రేబిస్ టీకా వెయ్యడం, పుస్తకంలో రాయడం, పంపెయ్యడం. పాలిచ్చే గేదెకు జ్వరమొస్తే ఆ ఇంట్లో పొయ్యి మీద పాలు ఉండవు. కుక్కకు వస్తే ఎవరికేం నష్టమని మా లెక్క. నేనూ అలాగే అనుకునేదాన్ని.

శేషగిరిరావు గారు తన కుక్కను తీసుకొచ్చిన రోజు గాలికుంటు టీకాల కార్యక్రమం నడుస్తోంది. టీకా మందు ఐసు పెట్టెలో ఉంటుంది, బయటికి తీశాక గంటలు లెక్కపెట్టుకోవాలి. రెండు బృందాలు నా సంతకం కోసం గేటు దగ్గర మోటారు సైకిళ్ళ మీద కూర్చుని ఉన్నాయి. ట్రెవిస్‌లో ఒక గేదె, దాని వెనక ఇంకో ఆరు. ఆయన పద్ధతిగా వరుసలోనే నిలబడి వచ్చారు. వరి పండించే రైతు, మంచి మాటకారి, ఊళ్ళో అందరికీ బాబాయి. వెంట ఎనిమిదేళ్ళ లాబ్రడార్ సంకరజాతి కుక్క. చిన్నప్పుడు పెట్టిన పేరు బుల్లోడు. పెరిగి దూడంత అయినా పేరు మారలేదు.

ఆయన కూతురు కల్యాణి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఏడో నెల వచ్చింది, మరో తొమ్మిది రోజుల్లో అన్నప్రాసన. ఈ లోగా కుక్కను ఒకసారి చూసి, పాప దగ్గర భయం లేదని నేను చెబితే, ఇంట్లో ఆడవాళ్ళు నోరు మూసుకుంటారని ఆయన వచ్చారు. ఆడవాళ్ళు అంటే భార్య అనసూయమ్మ గారు. ఆమె కుక్కను తోటలోకి పంపెయ్యమంటోంది. కూతురేమో, తాను పదోతరగతి నుంచి ఒళ్ళో పెట్టుకుని పెంచినవాణ్ణి పంపితే తానూ వెళ్తానంటోంది. ఆయన పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది.

నేను టీకా పుస్తకం చూశాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆ ఏటి రేబిస్ సూది వేసి, నులిపురుగుల మందు రాశాను. అప్పుడు ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“నెల కిందట పాప చెయ్యి వేస్తే రెండుసార్లు గుర్రుమన్నాడండి. బెత్తంతో నాలుగు తగిలించి మాన్పించాను. ఇప్పుడు కిక్కురుమనడు. మొరిగే కుక్క కరవదంటారు, వీడు అసలు నోరే ఎత్తడండి.”

పశువైద్యం చదివిన మనిషి అక్కడ ఆగిపోవాలి. నేను ఆగలేదు. గేటు దగ్గర మోటారు సైకిల్ స్టార్టు చేసిన చప్పుడు వినిపించి, “మంచిదండీ, భయం లేదు” అన్నాను. ఓపీ రిజిస్టరులో ‘ఆరోగ్యం బాగుంది, టీకా వేయడమైనది’ అని రాశాను. మెట్లు దిగుతూ బుల్లోడు తల ఒక పక్కకు వంచి చెవులు విదిలించడం చూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. వెనక్కి పిలవాలని అనిపించింది. పిలవలేదు.

తొమ్మిదో రోజున ఆదివారం. నన్ను పిలిచారు, నేను వెళ్ళాను. పదిన్నర దాటింది. హాల్లో పెద్ద చాప పరిచి, చాపకు ఒక చివర పుస్తకం, కలం, బంగారు గొలుసు, పూలు, చిన్న కత్తి, వెండి గిన్నెలో పరమాన్నం వరసగా పెట్టారు. మొదటి ముద్ద మేనమామ నాకించాలి. కల్యాణికి తోడబుట్టినవాళ్ళు లేరు కాబట్టి పెదనాన్న కొడుకు ఆ పని చేశాడు. పాప చప్పరించి మొహం చిట్లించింది, అందరూ నవ్వారు. ఆ తరవాత పాపను చాప మీద వదిలి, ఏది పట్టుకుంటుందో చూడటం వాడుక. పట్టుకున్నదాన్ని బట్టి పెద్దయ్యాక ఏమవుతుందో చెప్పుకుంటారు.

వదలబోతుంటే శేషగిరిరావు గారు ఆగమన్నారు. “అసలు మేనమామను మర్చిపోయారే” అంటూ లోపలికి వెళ్ళి బుల్లోణ్ణి తీసుకొచ్చారు. కల్యాణి తమ్ముడిలా పెంచింది కాబట్టి కుక్క పాపకు మేనమామ వరసవుతుందని ఆ ఇంట్లో పాప పుట్టినప్పటి నుంచి నడుస్తున్న పరిహాసం. మేనమామ కదా అని మెడకు జరీ అంచు పట్టు కండువా కట్టారు. కట్టిన ముడి సరిగ్గా కుడి చెవి కిందకు వచ్చింది. వాడిని తెచ్చి వస్తువుల వరస చివర, పరమాన్నం గిన్నె పక్కన కూర్చోబెట్టారు. వెనక గోడ, ఒక పక్క సోఫా, ఇంకో పక్క బంధువుల మోకాళ్ళు. వాడికి లేచి వెళ్ళడానికి దారి లేదు. ఎదురుగా పది సెల్‌ఫోన్లు.

నేను వంటింటి గుమ్మం దగ్గర అనసూయమ్మ గారి పక్కన కుర్చీలో ఉన్నాను. బుల్లోడు ఆవలించాడు. “నిద్రొస్తోంది పాపం” అని ఎవరో అన్నారు. పెదాలు నాక్కున్నాడు. “పరమాన్నం మీదుంది వాడి మనసు” అని ఇంకెవరో అన్నారు. మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు మాత్రం పాప వైపు తిప్పాడు. కంటి తెల్లగుడ్డు అర్ధచంద్రంలా కనబడింది. కుక్క కరవడానికి ముందు చెప్పేవన్నీ చెబుతుంది. ఆవలింత, నాలుక, తెల్లగుడ్డు, ఒళ్ళు బిగదీయడం. అవేవీ మనకు అర్థం కాకపోతే చివరి హెచ్చరికగా గుర్రుమంటుంది. మనుషులకు తెలిసేది ఆ ఒక్కటే. బెత్తం పెట్టి మాన్పించింది కూడా ఆ ఒక్కదాన్నే. దానికి నేను మంచిదండీ అన్నాను.

పాపను వదిలారు. పుస్తకం వైపు రమ్మని ఒకరు, గొలుసు పట్టుకోమని ఒకరు పిలుస్తున్నారు. అది ఏదీ చూడకుండా మెరుస్తున్న జరీ అంచు మీద కన్నేసి తిన్నగా పాకింది. “మావయ్య దగ్గరికి వెళ్తోంది” అని అందరూ చప్పట్లు. కల్యాణి చాప అవతలి చివర మోకాళ్ళ మీద కూర్చుని ఫోనులో వీడియో తీస్తోంది. పాపకూ కుక్కకూ మధ్య మూడడుగులు, నాకూ పాపకూ మధ్య పది మంది.

అరిస్తే కుక్క బెదురుతుంది. ఉరికి వెళ్ళి మీద పడితే, ఇరుక్కున్న కుక్కకు దగ్గరగా ఉన్నది పాప మొహమే. తప్పించడానికి మిగిలింది ఒకటే, వాడంతట వాడు లేచేలా చెయ్యడం. పక్కకు వంగి, గొంతు పెంచకుండా, బుల్లోడికి అన్నం పెట్టేటప్పుడు ఎలా పిలుస్తారని అనసూయమ్మ గారిని అడిగాను. పెరటి మెట్టు మీద పళ్ళేన్ని గరిటెతో కొడతానంది. ఇప్పుడే వెళ్ళి కొట్టమన్నాను. ఆమె నా మొహం చూసింది, ఎందుకని అడగలేదు. అరవై ఏళ్ళ మనిషి అంత వేగంగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను లేచి, సోఫా పక్కన ఉన్న ఇద్దరిని భుజాలు పట్టి వెనక్కి జరిపాను. వాళ్ళు విసుక్కుంటూనే జరిగారు. దారి అయితే ఏర్పడింది.

పాప చెయ్యి చాచింది. కండువా కొస పిడికిట్లోకి వచ్చింది. బుల్లోడు నోరు మూసుకుని, ఊపిరి కూడా తీసుకోనట్టు బిగుసుకుపోయాడు. అప్పటిదాకా వగర్చిన కుక్క నోరు మూసిందంటే ఇక వ్యవధి లేదు. పెరట్లో పళ్ళెం మోగలేదు. నాకు దేవుడు గుర్తొచ్చాడని చెప్పను గాని, తొమ్మిది రోజుల కిందట రాసిన రిజిస్టరు పేజీ మాత్రం గుర్తొచ్చింది.

పళ్ళెం మోగింది.

వాడి చెవులు కదిలాయి, లేచాడు. కాని పాప పిడికిలి వదల్లేదు. కండువా బిగిసి ముడి చెవికి ఒత్తుకుంది. ఒక్కసారి తల విసిరి కరవబోయాడు. పళ్ళు టకీమన్న చప్పుడు హాలంతా వినిపించింది. పాప చేతికి బెత్తెడు దూరంలో కండువా వాడి పళ్ళకు అందింది. చిరిగిన గుడ్డ పాప చేతిలో ఉండిపోయింది, వాడు నేను చేసిన దారిలోంచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కల్యాణి ఫోను పడేసి పాపను ఎత్తుకుంది. వేళ్ళు ఒక్కొక్కటి విప్పి చూశాం. గీత కూడా లేదు. పాప మాత్రం తన గుడ్డముక్క లాక్కున్నామని ఏడ్చింది.

శేషగిరిరావు గారు మూలన ఉన్న బెత్తం తీశారు. నేను పెరటి గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. నాకు కోపమొస్తే గొంతు తగ్గుతుంది. “ఈ బెత్తమే ఇంత దాకా తెచ్చింది. కొట్టాలనుకుంటే ముందు నన్ను కొట్టండి, భయం లేదని చెప్పింది నేను” అన్నాను. బంధువులంతా వింటున్నారు. ఆయన బెత్తం కిందకు దించారు.

మా వృత్తిలో నొప్పితో ఉన్న కుక్కను ముట్టుకునే ముందు మూతికి గుడ్డపట్టీతో ముడి వేస్తాం. కల్యాణి చేతే వేయించి కండువా విప్పి కుడి చెవి తిరగేశాను. లోపలంతా వాచి, చీము పట్టి, వాసన కొడుతోంది. వేలు తగలగానే కుయ్యోమని నా ఒళ్ళోకే దూరాడు. నెలపైబడిన పుండు. నెల కిందట పాప చెయ్యి వేసింది ఎక్కడని అడిగాను. “చెవి పట్టుకుందండి. రెండుసార్లూ చెవే” అన్నారు శేషగిరిరావు గారు. అరుగు మీద కూర్చున్నారు. ఆ రోజు ఆస్పత్రిలో నేను ఒక్క నిమిషం చెవి తిరగేసి ఉంటే ఇదంతా లేదు. ఆ మాట నేనే పైకి చెప్పాను. సిగ్గుపడ్డాను, సిగ్గుపడాల్సిందే.

చెవి మానడానికి మూడు వారాలు పట్టింది. ఈ లోగా ఇంట్లో ఏర్పాట్లు చేయించాను. వరండాకూ హాలుకూ మధ్య నడుమెత్తు చెక్క తలుపు పెట్టారు. మెట్ల కింద చోటు బుల్లోడిది, అక్కడికి పాప వెళ్ళకూడదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే మధ్యలో పెద్దవాళ్ళెవరైనా ఒకరు కూర్చోవాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. వాడు తింటున్నప్పుడూ పడుకున్నప్పుడూ పాప దగ్గరికి పోకూడదు. ఎంత మంచి కుక్కయినా సరే. గుర్రుమంటే తిట్టకూడదు, పాపను ఎత్తుకోవాలి. అన్నిటికీ తల ఊపింది అనసూయమ్మ గారే. కుక్కను తోటలోకి పంపాలన్న మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. పళ్ళెం కొడితే వచ్చాడు కదా అంది.

అన్నప్రాసన మర్నాడే రిజిస్టరు తీశాను. రాసిన ఎంట్రీని కొట్టివేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. దాని కింద ఎర్ర సిరాతో ‘చెవులు పరీక్షించలేదు’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. అలాంటి ఎర్ర సిరా ఎంట్రీ నా సర్వీసులో అదొక్కటే.

కల్యాణి పాపతో గుడివాడలోని అత్తవారింటికి వెళ్ళి, నాలుగు నెలల తరవాత మళ్ళీ పుట్టింటికి వచ్చింది. ఆ వారంలోనే శేషగిరిరావు గారు ఆస్పత్రికి వచ్చి వరుసలో నిలబడ్డారు. తన వంతు వచ్చాక బల్ల మీదికి వంగి, “డాక్టరమ్మగారూ, నిన్న మావాడు గుర్రుమన్నాడండి” అన్నారు. మీరేం చేశారని అడిగాను. పాపను ఎత్తుకుని ఇవతలికి వచ్చేశానన్నారు. కుక్కను తీసుకురావాలి, చెవి చూడాలన్నాను. “తెచ్చానండి, గేటు దగ్గర ఆటోలో ఉన్నాడు” అన్నారు. ఈసారి ఎడమ చెవి, పుండు ఇంకా మొదట్లోనే ఉంది.

టీకా పుస్తకం కుక్కకు ఏ జబ్బు రాదో చెబుతుంది గాని, పసిపిల్ల పక్కన అది ఎలా ఉంటుందో చెప్పదు. ఇది తెలియడానికి నాకు ఉద్యోగం చివరిదాకా పట్టింది. ఆ తరవాత పదవీ విరమణ చేసేదాకా, పసిపిల్లలున్న ఇంటి కుక్క గుర్రుమంటోందని ఎవరైనా చెబితే వరుస ప్రకారమే చూశాను. గుర్రుమనడం మాన్పించామని చెబితే మాత్రం, ట్రెవిస్‌లో గేదెను అలాగే ఉంచి ముందు ఆ కుక్కను చూశాను.