మొలవని గింజల కరపత్రం

బయ్యారంలో విత్తనాల, పురుగుమందుల దుకాణం నడిపిన సరోజనక్క దివంగతులయ్యారన్న వార్త సోమవారం పొద్దున ఫోన్‌లో విన్నాను. మహబూబాబాద్‌లోని నా ప్రెస్సులో నడుస్తున్న మిషన్ ఆపేశాను. ఆ రోజంతా మళ్లీ నడపబుద్ధి కాలేదు.

ఇరవై ఏళ్లుగా ఆమె కరపత్రాలు అచ్చువేసిన భాగ్యం నాది. తొలిసారి నేను అలవాటుగా పైన ‘నమ్మకానికి మారుపేరు’ అని పెడితే, అక్క పెన్నుతో కొట్టేశారు. "నమ్మకమని మనకు మనమే రాసుకుంటే అయితదా తమ్మీ? కొన్నోళ్లు అనాలె గని."

ఒక వానాకాలం ఆమె బస్సు దిగి నేరుగా ప్రెస్సుకొచ్చారు. ముఖం వాడిపోయి ఉంది. "నేనమ్మిన మిర్చి గింజలు మొలుస్తలేవు. గదే రాయి. ఇంక పొయ్యనోళ్లు నారు పొయ్యొద్దు, పోసినోళ్లు వస్తే వేరేయి ఇస్తనని రాయి."

"గిట్ల అచ్చేస్తే దుకాణం మూతపడ్తదక్కా" అన్నాను.

"అదును దాటితే ఆళ్లేం జెయ్యాలె?"

కరపత్రం ఊరూరా చేరింది. గంగారం రైతొకాయన దుకాణం ముందు నిలబడి, "నా నారుమడి ఆగమైంది. గీ కాగితం నేనేం జేసుకోను?" అని నిలదీశాడు. అక్క విత్తనాల కంపెనీని అడ్డం పెట్టుకోలేదు. "తప్పు నాదే అన్నా. మొలకలు చూసుకోకుండ అమ్మిన" అని వేరే గింజలు చేతిలో పెట్టారు. కరపత్రం సంగతి తెలిసి కంపెనీ ఆమె ఏజెన్సీ రద్దు చేసింది. రెండేళ్లు దుకాణం బోసిపోయింది. కొందరు తిరిగొచ్చారు, కొందరు రానేలేదు. నేను ఆమె ధర్మనిష్ఠను కీర్తించబోతే, "ఊకో తమ్మీ, భయమైంది. అందుకే రాయించిన" అని నవ్వేశారు.

పోయిన నెల దవాఖాన మంచం మీది నుంచి ఫోన్ చేశారు. గొంతు సన్నగిల్లింది. "వచ్చే పంటకు గిట్ల రాయి. పురుగు కనవడంగనే మందుకు ఉరకకుండ్రి. ముందుగాల వేపనూనె కొట్టి చూడుండ్రి. తగ్గకపోతెనే మా దుకాణానికి రండ్రి."

"మరి నీకేం మిగులుతదక్కా?"

"మిగులుతది, జర తక్కువ. మందు అమ్మితె నాకు లాభమే. గది గూడ దాచకుండ రాయి."

లాభాన్ని నిందించకుండా, దాన్ని దాచుకోకుండా వ్యాపారం చేసిన ఆ సహృదయురాలికి అక్షరాలు పేర్చుకుని బతికే నేను ఇవ్వగలిగిన నివాళి ఒక్కటే. నిన్న ఆ కరపత్రం కంపోజ్ చేశాను, ఆమె చెప్పిన మాట ఒక్కటీ మార్చకుండా. అంతా అయ్యాక అడుగున ఆమె పేరు దగ్గర ఆగిపోయాను. దాని ముందు ‘కీర్తిశేషులు’ అని కొట్టడానికి వేళ్లు రాలేదు. పేరు మాత్రమే ఉంచి మిషన్ నడిపాను.