మోరీ జాలికి ఎర్ర దారం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉంటే, మొదటి భార్య పోయిన మనిషిని చేసుకుని ఆమె గరిటె పట్టుకునేదాన్నే కాదు.

ఎనభైల మొదట్లో మట్టెవాడలో మాకో చిన్న భోజనం హోటల్ ఉండేది. వంటింటి కడుగునీళ్లు సిమెంటు పైపులోంచి వెనక సందులోని మోరీలో పడేవి. ఎలుకలు, బొద్దింకలు ఎక్కిరాకుండా ఆ పైపు మూతికి ఇనుప జాలి. దాన్ని ఆ మొదటామె జంపఖానాలు నేసే ఎర్ర దారంతో కట్టేదట. కొత్తవాడ నేతవాళ్ల బిడ్డ. ఒక్క గుంజుకు ఊడే ముడి వేసేది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక విప్పి, మెతుకులు దులిపి, మళ్లీ కట్టేది.

ఆమె ఉన్నన్నాళ్లూ ఒక్క ఎలుక రాలేదని మా ఆయన అనని రోజు లేదు. నాకు ఒళ్లు మండేది. బతికున్న సవతితో అయితే కొట్లాడొచ్చు, పోయినామెతో ఏం కొట్లాడతాం? ఆ దారం కోసి పారేసి, జాలిని ఇనుప తీగతో బిగించేయించాను.

కొద్దిరోజులకే మెతుకులు అడ్డుపడి మురికినీళ్లు వంటింట్లోకి ఎగదన్నాయి. తీగ తెంపి జాలి తీస్తే ఎలుకలు లోపలికొచ్చాయి. ఒకటి పప్పు గిన్నె మీంచి దూకడం గిరాకీలు చూశారు. సగం మంది ఎదురు హోటల్‌కు మళ్లారు.

"ఇట్లయితే వంటకు వేరే మనిషిని పెడత," అన్నాడు మా ఆయన.

ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ వంటిల్లు ఒక్కటే. అదీ పోతే ఇంక నేనెందుకు?

మర్నాడు మధ్యాహ్నం చూద్దును కదా, జాలి పైపు మూతికి కట్టి ఉంది. ఎర్ర దారం, ఒక్క గుంజుకు ఊడే ముడి. ఆయనే కట్టాడనుకుని మరింత కుళ్లుకున్నాను. విప్పేశాను. మరుసటి రోజు మళ్లీ కట్టి ఉంది.

ఆయన మిర్చి కొనడానికి ఎనుమాముల మార్కెట్‌కు పోయిన రోజు వెనక గడప మీద కాపలా కూర్చున్నాను. జాలి విప్పి నా ఎదుటే పెట్టుకున్నాను. ముందు గదిలో ఎవరో మజ్జిగ అడిగితే తల తిప్పానంతే. తిరిగి చూస్తే జాలి పైపుకు కట్టి ఉంది. దారం ఇంకా తడిగా ఉంది.

ముడి ఊడకుండా దారం కోసుకుని కొత్తవాడ వెళ్లాను. ఆమె తల్లి దాన్ని వేళ్లతో తడిమి చూసింది.

"ఇది ఎడమచేతి ముడి బిడ్డా. మా ఇంట్ల దానొక్కదానికే వస్తది," అని కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లకు కూడా నాకు కుళ్లు పుట్టింది.

వచ్చి పైపు దగ్గర నిలబడ్డాను. "అక్కా, ఇది నా వంటిల్లు. ఇగ నేను చూసుకుంట. నువ్వు పో," అన్నాను.

ఆనాటి నుంచి నేను విప్పిన జాలిని మళ్లీ ఎవరూ కట్టలేదు. నేనే దులిపి, చేతికొచ్చినట్టు కట్టుకునేదాన్ని. ఎలుకలు ఆగాయి. గిరాకీలు తిరిగొచ్చారు. వంట మనిషి మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఒకరోజు నేను కడుతుంటే వెనక నిలబడి చూశాడు.

"మంచిగ కడ్తున్నవ్. అచ్చం ఆమె లెక్కనే, ఎడమచేత్తోని," అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను నా చేతుల్ని. నేను కుడిచేతి మనిషిని. ఆ ముడి నాకెవరూ నేర్పలేదు. ఎట్లా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. పెళ్లయ్యాక ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆ మెప్పూ ఆమెకే పోయింది.