రసీదుల్లోని చుట్టాలు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక పాడు అలవాటు. ఎదుటివాళ్ల ముందు కాగితం కనిపిస్తే అందులో ఏముందో తెలుసుకునేదాకా ప్రాణం ఊరుకోదు. బల్లకు ఇవతల కూర్చుని తలకిందులుగా కూడా చదివేస్తాను. బహ్రెయిన్‌లో తొమ్మిదేళ్లు ఆఫీసులు తుడిచాక ఈ విద్య ఇంకా ముదిరింది. చదివింది ఇంటరే అయినా, ఏ కాగితం తీపి కబురో ఏది చేదు కబురో పై రెండు లైన్లు చూసి చెప్పేస్తాను. అలాంటిది నా గురించే ఒక ఫైలు తయారైందని తెలిస్తే ఊరుకుంటానా? భయం కంటే ముందు, అందులో నా గురించి ఏం రాశారో చూడాలన్న ఆత్రమే ఎక్కువైంది.

అసలు సంగతి నా చేతితో మొదలైంది. నేల తుడిచి బతికే దాన్ని, మా ఫ్లాట్ స్నానాలగదిలో సబ్బునీళ్ల మీద జారిపడ్డాను. కుడి మణికట్టు విరిగితే ప్లేటు వేశారు. పనిలో పడి ఉంటే లెక్క వేరేనట, ఇంట్లో పడితే జబ్బు సెలవు కిందే వస్తుందట. మొదట కొన్నాళ్లు పూర్తి జీతం, ఆపైన కొన్నాళ్లు సగం, తర్వాత సున్నా. సున్నాకు చేరినవాళ్ల కోసం మా కంపెనీలో ఒక సహాయనిధి ఉంది. అందరి జీతాల్లోంచి నెలనెలా కొంత కోసి పోగేసిన డబ్బు అది. దాంట్లోంచి నాకు భత్యం వస్తోంది. అది ఆగితే ఫ్లాటు అద్దెలో నా వాటా కట్టలేను, కట్టలేకపోతే టికెట్ కొని ఇంటికి పంపేస్తారు. వంకర చేత్తో ఊరికెళ్తే మళ్లీ పని ఎవరిస్తారు? అక్కడ మా అమ్మాయి నర్సింగు చదువుతోంది, హాస్టల్ ఫీజు నా మీదే ఉంది. మా ఆయన ఆటో నడుపుతాడు కానీ అది ఇంటి ఖర్చుకే చాలదు.

మూడు నెలలు గడిచాక సూపర్‌వైజర్ ఫోన్ చేసి, భత్యం మీద పరిశీలన ఉంది, మనామాలో ఆఫీసుకెళ్లు, బ్యాంకు కాగితం, డబ్బు పంపిన రసీదులు అన్నీ పట్టుకెళ్లు అన్నాడు. అన్నీ అన్నాడు కదా! నేను ఊళ్లకు డబ్బు పంపే ఎక్స్ఛేంజి కౌంటర్‌కు వెళ్లి ఏడాదిగా నా గుర్తింపు కార్డు మీద ఎవరెవరికి డబ్బు వెళ్లిందో మొత్తం జాబితా ప్రింటు తీయించుకున్నాను. ఎంత పద్ధతైన మనిషినో చూసి మెచ్చుకుంటారనుకున్నాను. నోరా వీపుకు తేకే అంటారు, నా విషయంలో కాగితం తెచ్చింది.

బంగారం కొట్ల పైన రెండో అంతస్తులో చిన్న ఆఫీసు అది. బల్ల వెనక ముప్పై ఏళ్లు కూడా లేని బహ్రెయినీ అమ్మాయి, ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలో, ముందు టీ కప్పు పెట్టుకుని కూర్చుంది. ఇక్కడి వాళ్లు మాతో మాట్లాడే హిందీలోనే మాట్లాడింది. నా జాబితా అంతా వేలు పెట్టి చదివి తలెత్తింది.

"మీకు చుట్టాలు చాలామంది."

"దేవుడి దయ" అన్నాను, సంగతి తెలియక.

"చెయ్యి విరగకముందు ఇద్దరికే పంపేవారు. చెయ్యి విరిగాక ఆరుగురికి పంపుతున్నారు. జీతం ఆగాక మీ సంపాదన పెరిగిందా?"

ఓరి నాయనోయ్! అప్పుడు వెలిగింది నాకు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు గబగబా మొదలుపెట్టాను. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో రెండు గదుల ఫ్లాటులో ఆరుగురు ఆడవాళ్లం ఉంటాం. అందరికీ పగలంతా డ్యూటీ. శుక్రవారం సెలవంటే ఎక్స్ఛేంజిలో తిరునాళ్ల జనం. ఫోన్లో పంపొచ్చు కానీ ఫోన్లో పంపితే చేతికి కాగితం రాదు, కాగితం రాకపోతే మావాళ్లకు నిద్ర పట్టదు. చెయ్యి విరిగి ఇంట్లో కూర్చున్నాను, కాళ్లు బాగానే ఉన్నాయి కదా. అందుకని జీతాలు రాగానే అందరూ డబ్బు నా చేతికిచ్చేవాళ్లు. పనిరోజున బస్సెక్కి వెళ్లి, నా కార్డు మీద అందరిదీ కట్టి వచ్చేదాన్ని. ఇందులో నాది ఒక్కటే, మా ఆయనకు వెళ్లేది.

ఆవిడ నమ్మలేదు. నమ్మలేదు కానీ, కళ్లలో అనుమానంతో పాటు కుతూహలం కూడా కనిపించింది. ఆ జబ్బు నాకూ ఉంది కాబట్టి ఇట్టే గుర్తుపట్టాను.

"కాగితం రాసుకోకుండా అంత డబ్బు మీ చేతికి ఎలా ఇచ్చారు?"

"ఒక కుక్కర్‌లో అన్నం తింటున్నాం. కాగితమెందుకు?"

"మరి బంధుత్వం దగ్గర అన్నయ్య, బావ, మేనకోడలు, మేనత్త, పిన్ని అని ఉందే? అంటే ఎవరూ మీ చుట్టాలు కారా?"

"చుట్టాలే" అన్నాను.

కౌంటర్‌లో కుర్రాడు ఏమవుతారని అడిగినప్పుడల్లా నేను లెక్కకట్టి నిజమే చెప్పాను. ఫ్లాటులో ఒకావిడను వదినా అంటాను. వదిన భర్త అన్నయ్య కాక ఏమవుతాడు? అక్కా అనే ఆవిడ భర్త బావ. ఇలా ఒక్కొక్కరినీ విడమర్చి చెబుతుంటే ఆ అమ్మాయి ఒక తెల్లకాగితం తీసి, నడుమ నా పేరు రాసి చుట్టూ గుండ్రాలు గీయడం మొదలుపెట్టింది. టీ చల్లారిపోయినా చూసుకోలేదు.

"నేను మీ ఫ్లాటులో ఉంటే నన్నేమని పిలుస్తారు?" అని అడిగింది ఉన్నట్టుండి.

"మీరు నాకంటే చిన్న. చెల్లెలు."

"మా అమ్మను?"

"పిన్ని."

"పిన్ని" అని తనూ ఒకసారి పలికి చూసుకుని నవ్వింది. నవ్వాక మళ్లీ ఆఫీసు ముఖం పెట్టింది. డబ్బు ఎవరిదో వాళ్లు సంతకం చేసిన ఉత్తరం, వాళ్ల కార్డు నకలు, ఒక్కొక్కరివీ ఆదివారానికల్లా తేవాలి. ఉత్తరం రానిది నా డబ్బు కిందే లెక్క. నా డబ్బు కింద లెక్కైతే అంత మేరకు భత్యం కోత. ఏ ఒక్కటైనా అబద్ధమని తేలితే మొత్తం ఖలాస్.

మెట్లు దిగుతూ వేళ్ల మీద లెక్కేసుకున్నాను. నలుగురి ఉత్తరాలు తేవడం ఒక లెక్క కాదు. అయిదోది ఎలా తేవాలి?

ఆ అయిదో మనిషిని మేం చెల్లీ అంటాం. అందరిలోకీ చిన్నది, శ్రీకాకుళం వైపు పిల్ల. వాళ్ల పక్క అక్కను అప్ప అంటారు, నన్నలాగే పిలుస్తుంది. ఇంటిపనికని వచ్చింది. ఆ ఇంట్లో జీతం ఇవ్వకపోతే బయటికొచ్చేసింది. కార్డు గడువు తీరిపోయి ఏడాది దాటింది. గడువు తీరిన కార్డు పట్టుకెళ్తే ఎక్స్ఛేంజిలో పని జరగదు. అందుకే నా చెయ్యి బాగున్న రోజుల నుంచీ వాళ్లమ్మకు పంపే డబ్బు నా పేరు మీదే వెళ్తోంది. చెల్లెలి అమ్మ కాబట్టి పిన్ని అని రాయించాను. ఆవిడ పేరు, ఊరు కౌంటర్‌లో ఎన్నిసార్లు చెప్పానో! అక్షరం తప్పకుండా నోటికొచ్చు. ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎలా ఉంటుందో అని రసీదు మడతపెట్టేటప్పుడల్లా అనుకునేదాన్ని.

చెల్లి పేరుతో ఉత్తరం ఇస్తే, గడువు తీరిన కార్డు నకలు ఒక ఆఫీసు ఫైల్లోకి చేరుతుంది. అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రం ఫ్లాటులో పంచాయితీ జరిగింది. నలుగురూ నోట్‌బుక్ కాగితాలు చింపి ఉత్తరాలు రాసిచ్చారు. వదిన మాత్రం ఊరుకోలేదు.

"దాని డబ్బు మూలంగా నీ కూడు పోయేలా ఉంది. ఉన్నమాట చెప్పెయ్. నువ్వేం తప్పు చేశావని?"

"చెప్పేస్తే దాన్ని పట్టుకుపోతే నువ్వు విడిపించుకొస్తావా?" అని కసిరాను.

"నా మీద అరుస్తావేంటే, నీ మంచికి చెబితే!"

చెల్లి వంటగది గడపలో నిలబడి అంతా వింది.

చెయ్యి విరిగినప్పటి నుంచి పొద్దున్నే నాకు జడ వేసేది అదే. ఇళ్లలో పనికి పోవడానికి ముందు దువ్వెన పట్టుకుని నా వెనక కూర్చునేది. ఆదివారం పొద్దున చాలా నెమ్మదిగా దువ్వింది.

"నా పేరు సెప్పేయప్పా. ఏటవుతాది, పంపేత్తారు. పోతాను" అంది.

"జడ సరిగ్గా వెయ్యి. ఆఫీసుకెళ్లాలి" అన్నాను.

నిజం చెప్పాలంటే బస్సు దిగేదాకా కూడా నేను తేల్చుకోలేదు. ఒక అడుగు చెల్లి వైపు, ఒక అడుగు మా అమ్మాయి హాస్టల్ వైపు పడుతోంది. ఎవత్తో ఒకత్తి, నా కడుపున పుట్టిందా, తోడబుట్టిందా అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్లీ అదే అనుకున్నాను.

ఆఫీసు అమ్మాయి నాలుగు ఉత్తరాలూ, నాలుగు నకళ్లూ చూసి జాబితాలో నాలుగు పేర్ల పక్కన టిక్కులు పెట్టింది. మా ఆయన పేరు పక్కన ఒకటి. తర్వాత పెన్ను పిన్ని పేరు దగ్గర ఆగింది.

"ఈవిడ?"

"మా పిన్ని."

"సగీ మౌసీ?" అని అడిగింది. సొంత పిన్నేనా అని.

ఫైల్లోంచి మొన్న తను గీసిన కాగితం కొంచెం బయటికి వచ్చి ఉంది. అలవాటు పోతుందా, తలకిందులుగా చూశాను. నా నుంచి వదినకు గీత, వదిన నుంచి అన్నయ్యకు గీత. అలా నాలుగు జంటలు. పిన్ని పేరుకు, నాకు మధ్యలో మాత్రం ఒక ఖాళీ గుండ్రం. పేరు లేదు. తన పెన్ను ఆ ఖాళీ గుండ్రం మీదకు వచ్చి నిలబడింది. చెల్లెలి తల్లిని పిన్ని అంటారని ఆవిడకు నేర్పింది నేనే కదా!

"సగీ" అన్నాను. "మా అమ్మ సొంత చెల్లెలు."

నన్ను చూసింది. నేనూ చూశాను. తను ఆ గుండ్రాల కాగితాన్ని బోర్లా తిప్పి, ఫైలు అడుగున పెట్టింది.

"అయితే ఇది మీ డబ్బే. భత్యంలో కోత పడుతుంది. తెలుసు కదా?"

"తెలుసు."

"వచ్చే నెల కూడా పిన్నికి పంపుతారా?"

"పంపుతాను."

ముద్ర వేసి కాగితం నా ఎడం చేతికిచ్చింది. చెయ్యి నయమయ్యేదాకా భత్యం వస్తుంది, కానీ సగానికి కాస్త ఎక్కువ. అద్దెకు, తిండికి బొటాబొటిగా సరిపోతుంది. అంతే. విచిత్రమేమిటంటే, మొదటిసారి వచ్చినప్పుడు నేను చెప్పిన నిజాలన్నిటికీ ఉత్తరాలు కావాలంది. ఈ ఒక్క అబద్ధానికి ఏమీ అడగలేదు.

కోత సంగతి ఫ్లాటులో ఎవరికీ చెప్పలేదు. కానీ మా ఆయనతో ఫోన్లో, ఈ నెల హాస్టల్ ఫీజు పంపలేను, ఎవరినైనా అడిగి చూడు అంటుంటే చెల్లి విన్నది. ఫోన్ పెట్టేయగానే నా మీద విరుచుకుపడింది.

"నిన్నెవలడిగినారప్పా? ఎవలడిగినారు? నీ కూతురి కంటే నానెక్కువా?"

"ఎక్కువా కాదు తక్కువా కాదు. నోరు మూసుకుని పడుకో."

పడుకోలేదు. ఏడ్చింది. మర్నాడు జడ వేస్తున్నప్పుడు జుట్టు పీకి పారేసినంత పని చేసింది. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి, ఉన్నట్టుండి ఫోన్ నా ముఖం ముందు పెట్టేసింది. ఇన్నాళ్లూ రసీదులో అక్షరాలుగా తెలిసిన మనిషి ఎదురుగా ప్రత్యక్షమైంది. బక్కపల్చటి మనిషి, పెద్ద ముక్కుపుడక, ఒక పన్ను లేదు. నేను ఊహించుకున్న ముఖం కానే కాదు.

"నన్ను పిన్నినని రాయించినావంట గదమ్మా. మీ యమ్మకెన్నేళ్లు?"

"అరవై రెండండి."

"నాకు అరవయ్యారు. మరి పెద్దమ్మనవుతాను గానీ పిన్నినెలాగవుతానే?"

ఆఫీసులో ఎవరూ పట్టుకోలేని తప్పు ఆవిడ ఒక్క ప్రశ్నతో పట్టేసింది. ఫ్లాటంతా ఘొల్లుమంది.

"తప్పయిపోయింది పెద్దమ్మా. మార్పించనా?"

"వద్దొద్దు. ఆళ్లకి తెలిస్తే ఉన్నదీ కోసెత్తారు. పిన్నిగానే ఉంటాను. ఏదీ, ఆ సెయ్యి సూపించు."

కుడి చెయ్యి ఫోన్ ముందు పెట్టాను. కుట్ల గుర్తులు, సరిగ్గా ముడవని వేళ్లు. ఆవిడ నవ్వు ఆపి చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ ఫోన్ వైపు చాచి, దిష్టి తీసి, కణతల దగ్గర పెట్టుకుని మెటికలు విరిచింది.

విరిగినప్పుడు ఏడవలేదు. ప్లేటు వేసినప్పుడు ఏడవలేదు. ఫీజు పంపలేనని మా ఆయనతో చెప్పినప్పుడూ ఏడవలేదు. మా పిన్ని ముందు ఏడ్చాను.