సిమెంటు పెట్టని నాలుగు ఇటుకలు

ఈ ఉదయం వాన పట్టగానే మా వీధి బండల కింద నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించింది. తిరుపతిలో మా పేటకు కొత్తగా వచ్చినవాళ్ళు అది మురుగుకాలువ అనుకుంటారు. పాకాల నుంచి బదిలీ మీద వచ్చిన నేనూ అలాగే అనుకున్నాను. అది కొండ దిగి వచ్చే వంక అనీ, దాన్ని బండలతో కప్పేసి చుట్టూ ఇళ్ళు కట్టుకున్నారనీ చెప్పింది ఎగువింటి మునెమ్మక్క. పిల్లల వ్యాసాలకు వంకలు పెట్టి బతికే తెలుగు మాస్టరుకు కాళ్ళ కింది వంక తెలియలేదు.

మునెమ్మక్క ఒకప్పుడు ఆ వంక గట్టున ఆకుకూరలు పండించి అమ్మేది. నేను ప్రహరీ కట్టిస్తుంటే వచ్చి, గోడ అడుగున నాలుగు ఇటుకలు చూపించింది.

“అయ్యోరా, వీటికి సిమెంటు వద్దు. ఊరికే పేర్చు. పెద్ద వానొస్తే కాలితో తన్నేయొచ్చు.”

“నీళ్ళు బండల కిందే పోతాయి గదక్కా?”

“పెద్ద వానకు ఆ సందు యాడ సాలుతాది? పాత దావనే ఎతుక్కుంటాది. ఆ దావ నీ వాకిట్లోనే ఉండాది.”

ఆమె చెప్పినట్టే పేర్పించాను. కానీ ఆ సందుల్లోంచి పందికొక్కులు దూరి నా కనకాంబరాలను తవ్విపోశాయి. ఒక ఆదివారం నేనే తాపీ పట్టి సిమెంటు పూశాను. నా చేతి మీదుగా గట్టిగా నిలిచిన పని అదొక్కటే.

ఆ కార్తీకంలో మూడు రోజులు వాన విడవలేదు. మూడోనాటి మధ్యాహ్నం నీళ్ళు నా గోడకు కొట్టుకుని, వెనక్కి మళ్ళి మునెమ్మక్క ఇంట్లోకి ఎక్కాయి. ఆమె మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కేక వేసింది.

“తన్ను, అయ్యోరా.”

తన్నాను. నా కాలి వేలు కదిలింది గాని ఇటుక కదల్లేదు.

“సిమెంటు పెట్టేసినానక్కా” అన్నాను.

ఆమె ఇంట్లోంచి గడ్డపార తెచ్చింది. మార్చి మార్చి పొడిచాం. గోడకు కంత పడగానే నీళ్ళు నా కనకాంబరాలను వెంటబెట్టుకుని గేటు దాటి పోయాయి. అప్పటికే ఆమె ఏళ్ళ తరబడి దాచుకున్న విత్తనాల మూటలు తడిసి ముద్దయ్యాయి.

మర్నాడు తల వంచుకుని వెళ్ళాను. అలమరలో పైన మిగిలిన ఒకే ఒక మూట తీసుకుని ఆమే నా వెంట నడిచింది.

“మొగం అట్ల పెట్టినావేంది? నీ వాకిట్లో వంక ఒండుమట్టి పోసి పొయ్యింది. తోటకూర సల్లుకుందాం పా.”

ఆమె పోయి నాలుగేళ్ళు. ఆ తోటకూర ఇంకా మొలుస్తూనే ఉంది. పందికొక్కులూ వస్తూనే ఉన్నాయి. ఇందాక చప్పుడు వినగానే వెళ్ళి ఇటుకలను కాలితో కదిపి చూశాను. నాలుగూ కదిలాయి.

దిగువింట్లో ఎవరో కొత్తగా గోడ లేపుతున్నారు. గొడుగు తీసుకుని బయలుదేరాను.