మేఘనకు నేను పెట్టిన పెరుగన్నం

ఐదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోయలేక ఇప్పుడు దించుతున్నానని అనుకోకండి. ఇంకో ఐదేళ్లయినా మోయగలను. కానీ ఎందుకు మోయాలి, ఎవరిని కాపాడటానికి మోయాలి? అందుకే మీతో చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అదే నయం, మొహమాటం ఉండదు.

ముందే ఒక మాట. నేను రెండు పనులు చేశాను. ఒకదానికి తల వంచను. రెండోదానికి వంచక తప్పదు. రెండూ కలిపేసి నన్ను మంచిదాన్నో చెడ్డదాన్నో చేయకండి.

కొండాపూర్‌లో ఒక డే కేర్‌లో పనిచేసేదాన్ని. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లల్ని దించి, సాయంత్రం ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి తీసుకెళ్లేవాళ్లు. పిల్లల తిండి, నిద్ర చూసుకోవడం నా పని. నల్గొండ వైపు నుంచి వచ్చాను. డిగ్రీ మధ్యలో ఆపేశాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను. పిల్లలకు అన్నం పెట్టడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదన్న పొగరు ఉండేది. ఇప్పటికీ కొంచెం ఉంది.

మేఘన మూడేళ్ల పాప. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ చర్మం ఎర్రగా చిట్లి ఉండేది. గోకి గోకి రక్తం తెచ్చుకునేది. కడుపెప్పుడూ ఉబ్బరమే. నాలుగు రోజులు విరేచనం కాదు, ఐదో రోజు ఆగదు. వాళ్లమ్మ శ్రావణి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కాకినాడ మనిషి. పాపను చాలామంది డాక్టర్లకు చూపించింది. పూత మందు రాస్తే తగ్గేది, మానేస్తే మళ్లీ వచ్చేది. అందరూ ఓపిక పట్టమన్నారు. పిల్ల నిద్రపోకుండా గోక్కుంటూ ఏడుస్తుంటే తల్లి ఓపిక ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? ఆమెను నేను తప్పు పట్టను.

అలాంటప్పుడు ఆమెకు ఫోన్‌లో ఒకావిడ దొరికింది. పేగులు శుభ్రమైతే చర్మం దానంతటదే బాగుపడుతుందని చెప్పే మనిషి. డాక్టరు కాదు. మాట మాత్రం చాలా మెత్తన. ఆవిడ చెప్పినట్టు పాలు, పెరుగు, గోధుమలు, గుడ్లు, పప్పులు, చివరికి అన్నం కూడా మాన్పించారు. రోజూ ఇంటినుంచి డబ్బాలో కొర్రల అంబలి, ఉడికించిన సొరకాయ, బూడిద గుమ్మడి రసం. డాక్టర్లిచ్చిన పూతలు కూడా ముట్టకూడదట. ఇవన్నీ ఏ పరీక్షా లేకుండానే.

రెండు నెలల్లో పాప చేతులు పుల్లల్లా అయ్యాయి. మిగతా పిల్లలు తింటుంటే వాళ్ల నోళ్లవైపే చూసేది. ఒకరోజు భోజనాలయ్యాక కనపడకపోతే వెతికాను. బల్ల కింద కూర్చుని ఉంది. ఎవరో పిల్లవాడు కిందపడేసిన పప్పన్నం మెతుకుల్ని ఒక్కొక్కటీ వేలితో అద్దుకుని తింటోంది. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది. మూడేళ్ల పిల్ల. అన్నం తింటూ దొంగలా దాక్కుంది.

ఆ సాయంత్రం శ్రావణిని అడిగాను.

"మేడం, పాప ఆకలితోని ఉంటున్నది. జరంత పెరుగన్నం పెట్టి చూద్దామా?"

"వద్దండి అక్కా, ప్లీజ్. ఒక్క చెంచా తప్పినా మళ్లీ మొదటికొస్తుందన్నారు. డబ్బాలోది తప్ప ఏమీ పెట్టనని నాకు మాటివ్వండి."

మాటిచ్చాను. అడక్కపోయినా మా పిల్లల మీద ఒట్టు కూడా వేశాను. మర్నాడు మధ్యాహ్నమే ఆ ఒట్టు తప్పాను.

ఒక చెంచా పెరుగన్నంతో మొదలుపెట్టాను. రెండు గంటలు పాప పక్కనే కూర్చుని చర్మం చూస్తూ గడిపాను. ఏమీ కాలేదు. మర్నాడు రెండు చెంచాలు. వారం తర్వాత పప్పు. ఇంకో వారానికి ఉడికించిన గుడ్డులో పావు ముక్క. పాత డాక్టరు రాసిచ్చిన తేమ క్రీము సీసా డే కేర్ అరలోనే ఉండిపోయింది. పాపకు ఒళ్లు తుడిచి, తడి ఆరకముందే అది రాసేదాన్ని. గోళ్లు కత్తిరించేదాన్ని. మరి డబ్బాలో అంబలి? ఎవరికీ అనుమానం రాకుండా నేను తాగేదాన్ని. మూడు నెలలు నా మధ్యాహ్నం భోజనం మేఘన డబ్బానే.

మేఘన కోలుకుంది. ముందు విరేచనం కుదురుకుంది. తర్వాత బుగ్గలొచ్చాయి. చర్మం పూర్తిగా మానలేదు గానీ రక్తం రావడం ఆగింది. ఒకరోజు పాట పెడితే లేచి గెంతింది. అంతకుముందు ఆ పిల్ల గెంతగా నేను చూడలేదు.

దీనికి నన్ను తల వంచమంటారా? వంచను. తల్లి మాట తప్పావంటారు, తప్పాను. ఒట్టు తప్పావంటారు, నిజమే. అయినా బల్ల కింద మెతుకులేరుకునే పిల్లను చూసి కూడా ఆ మాట నిలబెట్టుకుని ఉంటే నేను ఇంకా ఘోరమైన మనిషినయ్యేదాన్ని.

కానీ నిజం చెప్పుకుందామని కూర్చున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. తర్వాత కొన్నాళ్లకు మా డే కేర్‌కు పిల్లల డాక్టరొకాయన వచ్చి మాట్లాడారు. చర్మం అంత సున్నితంగా ఉన్న పిల్లలకు చాలాకాలం మాన్పించిన తిండిని ఉన్నట్టుండి పెడితే, కొందరికి గొంతు వాచి ప్రాణం మీదికి రావచ్చనీ, అది డాక్టరు చూస్తుండగా చేయాల్సిన పని అనీ చెప్పారు. నేను ఏ ధైర్యంతో పావు ముక్క గుడ్డు పెట్టాను? అది తెలివి కాదు, అదృష్టం. ఆ రోజు పాపకు ఊపిరి ఆడకపోయి ఉంటే ఇప్పుడు మీతో ఇలా గొంతు పెంచి మాట్లాడేదాన్నా? వేరే దారి లేదా అని అడిగితే, ఉంది. మా ఇన్‌ఛార్జితో కలిసి శ్రావణిని కూర్చోబెట్టి, పాపను మళ్లీ మంచి డాక్టరుకు చూపించమని పట్టుబట్టొచ్చు. పని పోతుందేమోనని భయపడ్డాను. అన్నం పెట్టినందుకు సిగ్గుపడను. దొంగతనంగా పెట్టినందుకు, కొంచెం పడతాను.

ఇక రెండో సంగతి.

మేఘన బాగుపడ్డాక శ్రావణి ఒక వీడియో చేసింది. పాప పాత ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఫోన్‌లో ఆవిడకు దండాలు పెట్టింది. ఆ రోజు నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుని, "మీరు ఒక్క చెంచా కూడా తప్పలేదు కాబట్టే ఇది జరిగింది అక్కా" అంది. ఆమె కళ్లలో నీళ్లు. నేను నవ్వాను. నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరవలేదు.

వీడియో అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో తిరిగింది. మా డే కేర్‌కే మరో ఇద్దరు పిల్లలు అలాంటి డబ్బాలతో రావడం మొదలైంది. వాళ్లకూ నేను చాటుగా అన్నం పెట్టాను. అందరికీ నేనున్నానులే అనుకున్నాను. ఎంత పొగరు!

నేను లేని ఇల్లు ఒకటుంది. స్వరూప ఇల్లు.

స్వరూప మా డే కేర్‌లోనే ఊడ్చి తుడిచేది. మహబూబ్‌నగర్ వైపు మనిషి, నార్సింగిలో కిరాయి గదిలో ఉండేది. భర్త బిల్డింగు పనులకు పోయేవాడు. వాళ్ల పాప సిరికి నాలుగేళ్లు. ఆ పిల్లకూ దురద, కడుపునొప్పి. స్వరూప ఆ వీడియో చూసింది. ఒక మధ్యాహ్నం పిల్లలందరూ పడుకున్నాక, తుడుపుకర్ర గోడకు ఆనించి నా పక్కన కూర్చుంది.

"అక్కా, ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. ఆ మేడం బిడ్డకు నువ్వు గదే పెట్టినవా? ఇంకేం పెట్టలేదా?"

"గదే పెట్టిన."

"పెరుగు గిట్ల కూడ లేదా?"

"లేదు."

"అయితె మా సిరికి గూడ తగ్గుతది గదా?"

"ఏమో స్వరూపా. దవాఖానల చూపియ్యరాదు?"

"చూపిచ్చిన అక్కా. మందు రాసినన్ని దినాలే, మల్ల గంతే. నువ్వు కండ్లార చూసినవు గదా, నాకు గది చాలు."

నేను కళ్లారా చూశానని ఆమె నమ్మింది. పెద్ద ఉద్యోగం చేసే మేడం మాట కన్నా, తనతో కలిసి టీ తాగే నా మాట నమ్మింది. "స్వరూపా, నేను ఆ బిడ్డకు అన్నం పెట్టిన" అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఎందుకనలేదు? ఆమె నోరు జారితే నా పని పోతుందనా? అది సగమే. శ్రావణి నా చేతులు పట్టుకుని ఏడ్చింది కదా, ఆ గౌరవం పోతుందని. ఒట్టు నిలబెట్టుకున్న మనిషిలా కనిపించడం నాకు బాగుంది. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. వేయనీ.

స్వరూప నియమం తప్పే మనిషి కాదు. ఏడు వారాలు సిరికి అంబలి, సొరకాయ తప్ప ఏమీ పెట్టలేదు. పిల్ల ఏడ్చినా పెట్టలేదు. ఒకరోజు సిరి అంగన్‌వాడీలో కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానలో తొమ్మిది రోజులున్నారు. ఒంట్లో రక్తం లేదు, సత్తువ లేదు, ఎవరు చెప్పారమ్మా ఇలా పెట్టమని అంటూ డాక్టరమ్మ స్వరూపను అందరి ముందూ తిట్టింది. సిరి బతికింది. కానీ ఎక్కువసేపు నడవడానికే ఆ పిల్లకు నెలలు పట్టింది.

నేను చూడటానికి వెళ్లాను. స్వరూప అన్న మాట ఇది: "నేనే ఏడనో తప్పు చేసినక్కా. ఆ మేడం బిడ్డకు మంచిగైంది గదా. నాకే చేతగాలే."

అప్పుడు కూడా నేను చెప్పలేదు. తెచ్చిన దానిమ్మపండ్లు మంచం పక్కన పెట్టి వచ్చేశాను.

నా మాదిరి మనుషులకు ఏం చేసినా క్షమాపణ దొరుకుతుంది. పేదది, పని పోతుందని భయపడింది, పాపం అంటారు. ఆ పాపం నాకొద్దు. స్వరూప నాకన్నా పేదది. నిజం అడిగిన మనిషి. ఫోన్‌లో ఆవిడ ఇప్పటికీ అదే మెత్తని మాటతో తల్లులకు చెబుతూనే ఉంది. ఆవిడను తిట్టుకుంటే నాకు తేలికగానే ఉంటుంది. కానీ సిరి విషయంలో ఆవిడ సాక్ష్యం వీడియో అయితే, ఆ వీడియోకు సాక్షిని నేను.

శ్రావణి తర్వాత పుణే వెళ్లిపోయింది. పోయిన నెల ఆమెకు ఫోన్‌లోనే పెద్ద సందేశం రాసి అంతా చెప్పాను. చదివినట్టు గుర్తు కనిపించింది. జవాబు రాలేదు. కానీ వారం తిరిగేసరికి ఆ వీడియో కనపడలేదు. తీసేసిందనే అనుకుంటున్నాను. నన్ను తిట్టే హక్కు ఆమెకుంది. తిట్టలేదు కాబట్టి క్షమించిందని నేను అనుకోను.

ఆ తర్వాతి ఆదివారం నార్సింగి వెళ్లాను. స్వరూప ఇప్పుడు వేరే గదిలో ఉంటోంది, మూడో అంతస్తు. సిరి తలుపు తీసింది. తొమ్మిదేళ్లు. ఈడుకు పొట్టిగా ఉంది. అది నా వల్లేనా? ఎవరు చెప్పగలరు? పిల్లను పక్కింటికి పంపమని స్వరూపతో చెప్పి, నిలబడే అంతా చెప్పాను. పెరుగన్నం, గుడ్డు, నేను తాగిన అంబలి, ఆ మధ్యాహ్నం చెప్పిన అబద్ధం. ఏడవలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

స్వరూప అడిగింది: "ఆ బిడ్డకు పెట్టినవు. నా బిడ్డకు పెట్టమని ఒక్క మాట చెప్పకపోతివి. ఎందుకక్కా?"

నేను ఇంతకు ముందు మీకు చెప్పినదే ఆమెకూ చెప్పాను. సగం పని పోతుందని, సగం పేరు పోతుందని. అంతకన్నా మంచి కారణం లేదన్నాను.

"ఇగ పో అక్కా" అంది. అరవలేదు. తలుపు మాత్రం గట్టిగానే వేసుకుంది.

మెట్లు దిగి బస్టాపు దాకా నడిచాను. ఆమె క్షమించలేదు, క్షమించకూడదు కూడా. కానీ ఐదేళ్లుగా ఆ పిల్ల గురించి తనను తాను తిట్టుకుంటున్న తల్లికి ఇక తిట్టడానికి నేను దొరికాను. అది ఆమెకు నేనివ్వగలిగింది. ఇంటికెళ్లాక నాకు ఆకలేసింది. వండుకుని కడుపునిండా తిన్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అయినా తిన్నాను.