సీడీ మీద నేను రాసిన ఐదు వరుసలు

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయిపోయిన ఏడాది సిద్దిపేటలో ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాను. ఒకరోజు కోహెడ నుంచి ఎల్లవ్వ అనే పెద్దావిడ ఒక సీడీ తెచ్చింది. చనిపోయిన ఆమె భర్త పాడిన తొమ్మిది భజనలు అందులో ఉన్నాయి. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. సంవత్సరీకం నాడు వినిపించాలి, ఇంకో కాపీ కూడా కావాలంది.

కాపీ తీసి, రెండూ పూర్తిగా విని సరిచూశాను. తర్వాత రెండింటి మీదా పేరు, ఊరు, తేదీ, పాటల సంఖ్య, కాపీ నంబరు బాల్‌పెన్నుతో ఒత్తి ఒత్తి ఐదు వరుసల్లో రాశాను. కంప్యూటర్లోని ఫైలు తీసేశాను.

సంవత్సరీకం మరునాడే ఆమె మళ్లీ వచ్చింది.

"మూడు పాటలు పాడి ఆగిపోయిండు బిడ్డా. రెండోది ఏసినా గంతే. చుట్టాలందరు నా మొఖమే జూసిన్రు."

సీడీని లైటుకు ఎత్తి పట్టుకుంటే నా అక్షరాల గుండా వెలుతురు కనిపించింది. పాటలు ఉండే పొర మెరిసే వైపు కాదు, మనం పేరు రాసే వైపే పలుచని పూత కింద ఉంటుంది. అది నేను చదువుకున్న సంగతే.

"తప్పు నాదే అవ్వా. నా పెన్నుకే ఆ పొర గీసుకుపోయింది," అన్నాను.

సాయంత్రం దాకా తంటాలు పడినా ఆ మూడు పాటలే దక్కాయి. కొత్త సీడీలో ఎక్కించి, అలవాటు కొద్దీ పెన్ను వెతుక్కున్నాను.

"దానిమీద ఏం రాయకు బిడ్డా," అంది ఎల్లవ్వ. "ఆయన గొంతు నేను గుర్తువడ్త."

ఇప్పుడు నీటి సిరా ఉన్న మెత్తటి మార్కరుతో, సీడీ నడుమ రంధ్రం చుట్టూ పాటలు లేని చోట, ఒక్క నంబరు వేస్తాను. మిగతావి కవరు మీద రాస్తాను. ఆ ఆరు భజనలు మాత్రం ఇక ఎవరూ వినలేరు.